రెండున్నర అంగుళాల ఉద్యమం

రాళ్ళకుంట మున్సిపాలిటీలో జనన మరణ విభాగానికి ఉన్నది ఒక్కటే లాప్‌టాప్. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆ పని ముందు ఇంట్లోనో ఆసుపత్రిలోనో కానిచ్చుకుని, తర్వాత ఈ లాప్‌టాప్‌లో ఇంకోసారి కానిచ్చుకోవాలి. మొదటిసారి సంగతి ఎలా ఉన్నా రెండోసారికి మాత్రం బోలెడు ఓపిక కావాలి.

ఆ విభాగం జూనియర్ అసిస్టెంటు సుభాషిణికి ఓపిక ఉంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆమెకు దక్కిన ఆస్తి అదొక్కటే. పొద్దున పదిన్నరకు వచ్చి లాప్‌టాప్ మీట నొక్కేది. బీరువా తాళం తీసి, దేవుడి పటానికి పూలు మార్చి, కుళాయి దగ్గర సీసా నింపుకుని, పక్క సెక్షన్‌లో కూర ఏం వండారో కనుక్కుని వచ్చేసరికి తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. అందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసినవాళ్ళే ఏళ్ళ క్రితం దానికి నీళ్ళొదిలేశారు. కొత్తది వేద్దామంటే కుదరదు. ధ్రువపత్రాలిచ్చే ‘జననమిత్ర’ అనే సాఫ్ట్‌వేర్ ఆ పాతదాని మీద తప్ప నడవదు, ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీయేమో ఎప్పుడో మూతపడింది.

ఇంత ముసలి లాప్‌టాప్‌తో ఎలాగో నెట్టుకొస్తున్న సుభాషిణి దగ్గరకు ఫిబ్రవరిలో మార్తమ్మ వచ్చింది. మిరపకాయల యార్డులో తొడిమలు తీసే పని ఆమెది. వెంట కూతురు సలోమి. ఇంటర్ రాయబోతోంది, నర్సింగ్ చదవాలని కోరిక.

“కాలేజీ దరఖాస్తు కంప్యూటర్లో పెడతంటే తీసుకోవట్లేదమ్మగారూ. పిల్ల వయసు మైనస్ యాభై అయిదంట,” అంది మార్తమ్మ.

సుభాషిణి కాగితం చూసింది. సలోమి పుట్టింది 2008లో. ఎప్పుడో ఎవరో ఆపరేటరు వేలు అటూ ఇటూ పడి 2080 అయి కూర్చుంది. సరిదిద్దడం రెండు నిమిషాల పని. కానీ సవరణల పేజీ తెరుచుకోవడానికి ఆ లాప్‌టాప్‌కు పదకొండు నిమిషాలు పడుతుంది. పది నిమిషాలు దాటితే ‘మీ సమయం ముగిసింది’ అని జననమిత్ర బయటికి నెట్టేస్తుంది. సుభాషిణి తొమ్మిదిసార్లు ప్రయత్నించి తొమ్మిదిసార్లూ గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది.

ఆఫీసు మేనేజరు పట్టాభిరామారావుకు విన్నవించుకుంటే ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు. ముప్పై ఏళ్ళుగా నిబంధనలు తప్ప మరొకటి చదివి ఎరగడు. 

“రికార్డు ప్రకారం ఈ అభ్యర్థిని ఇంకా జన్మించలేదు. జన్మించని వ్యక్తికి దరఖాస్తు చేసుకునే అర్హత లేదు. జన్మించిన పిమ్మట రమ్మనండి,” అన్నాడు.

“ఆ పిల్ల బయట బెంచీ మీద కూర్చునుంది సార్.”

“కూర్చుంటే కూర్చోనీయమ్మా. దానికి మన అనుమతి అక్కర్లేదు.”

సలోమికి ఆగస్టు ఇరవై ఏడున సర్టిఫికెట్ల పరిశీలన. ఆ రోజుకి సరైన పత్రం చేతిలో లేకపోతే, సీటు వచ్చినా ఇంకొకరికి పోతుంది. ఆరు నెలలుంది కదా, ఈలోగా ఏదో ఒకటి చెయ్యొచ్చు అనుకుంది సుభాషిణి.

ఆ సాయంత్రమే బస్టాండు ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే బాజీని పిలిపించి లాప్‌టాప్ చూపించింది. అతను మీట నొక్కి, చెవి ఆనించి విన్నాడు.

“లోపల తిరిగే డిస్కు అరిగిపోయింది మేడమ్. అది తీసేసి సాలిడ్ స్టేట్ డ్రైవ్ ఏయండి. దాంట్లో తిరిగేదేం ఉండదు, గబగబా చదివిద్ది. పాత సిస్టమ్ని ఉన్నదున్నట్టు అందులోకి ఎక్కించేస్తా. ఇల్లు మారిందని మీ జననమిత్రకి కూడా తెలవదు.”

“ఏమేం రాయాలో చెప్పు. అనుమతి అడుగుతాను.”

అతను చెప్పాడు, ఆమె రాసింది. ‘జనన మరణ విభాగమునందు సాలిడ్ స్టేట్ డ్రైవ్, 512 జీబీ, సైజు 2.5 అంగుళాలు, ఇన్‌స్టాల్ చేయుటకు అనుమతి కోరడమైనది.’ ఒక్క వాక్యం. సర్వీసులో అంత పొట్టి ఉత్తరం ఆమె ఎన్నడూ రాయలేదు. పొట్టిగా ఉన్న ఉత్తరాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు పొడిగించుకుంటారని అప్పటికి ఆమెకు తెలియదు.

పట్టాభిరామారావు ఆ ఉత్తరాన్ని రెండు రోజులు ధ్యానించాడు. డ్రైవ్ అంటే ఆయనకు బాగా తెలుసు. మొక్కలు నాటే డ్రైవ్, పోలియో చుక్కల డ్రైవ్, కుక్కలు పట్టే డ్రైవ్, ఇలా పదహారు డ్రైవ్‌లు నడిపిన చెయ్యి అది. సాలిడ్ అంటే మున్సిపాలిటీలో పసిపిల్లలకు కూడా తెలుసు, సాలిడ్ వేస్ట్, అనగా ఘన వ్యర్థం. ‘వేస్ట్ అను పదము టైపు నందు జారినది, చేర్చడమైనది’ అని పక్కన ఎర్ర సిరాతో రాశాడు. జీబీ అంటే గార్బేజ్ బిన్. స్టేట్ అని ఉంది కాబట్టి ఇది తన స్థాయిలో తేలే విషయం కాదు. ‘క్రింది స్థాయి సిబ్బందిలో వెల్లివిరిసిన ఈ ఉదాత్త ఆలోచనను రాష్ట్ర స్థాయిలో పరిశీలించ ప్రార్థన’ అని ముగించి పైకి పంపాడు.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనేవాళ్ళు లోకంలో అన్నిచోట్లా ఉంటారు. పై ఆఫీసులో మరికాస్త ఎక్కువగా ఉంటారు. పంఖాల జత అడిగితే మూడేళ్ళు పట్టే ఆ ఆఫీసు నుంచి ఇరవై రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ‘సాలిడ్ (వేస్ట్) స్టేట్ డ్రైవ్’కు రాళ్ళకుంటను ప్రయోగాత్మక పట్టణంగా ఎంపిక చేయడమైనది. లక్ష్యం 512 గార్బేజ్ బిన్‌ల ఇన్‌స్టలేషన్. రోజువారీ పురోగతి నివేదికను ప్రతిపాదన పుట్టిన విభాగం నుంచే, అంటే జనన మరణ విభాగం లాప్‌టాప్ నుంచే, సాయంత్రం అయిదు లోపల పంపవలెను.

సుభాషిణి ఉత్తర్వు పట్టుకుని మేనేజరు గదికి పరుగెత్తింది.

“సార్, నేనడిగింది కంప్యూటర్ లోపల పెట్టేది. అరచేతిలో పట్టేంత ఉంటుంది.”

“అరచేతిలో పట్టేదానికి రాష్ట్ర స్థాయిలో ప్రారంభోత్సవం ఎట్టా చేస్తారమ్మా?”

“ఏదో పొరపాటు జరిగింది సార్.”

“ఎవరిది?” అని ఆయన కళ్ళజోడు తీశాడు. “మనది కాదు. మనం పంపాం, వారు ఆమోదించారు. ప్రభుత్వమే పొరబడిందంటారా, అయితే ఆ ముక్క కాగితం మీద రాసి కింద సంతకం పెట్టి ఇవ్వండి. తగు చర్య నిమిత్తం పైకి పంపుతాను.”

ఆ తగు చర్య ఎవరి మీదో ఆమెకు తెలుసు. తన సీటుకి వచ్చి కూర్చుంది.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఈ డ్రైవ్ చివరికి శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఏసోబు నెత్తిన పడింది. ఊళ్ళో ఉన్న చెత్త ఎత్తించడానికే అతనికి రోజు చాలదు. ఇప్పుడు పొద్దున్నే ఊరేగింపు, మధ్యాహ్నం ముగ్గుల పోటీ, సాయంత్రం ప్రతిజ్ఞ. ‘ఘన రాష్ట్రం, మన రాష్ట్రం’ అని ముందర రాసిన ఆకుపచ్చ టీషర్టులు అయిదు వందల పన్నెండు దిగాయి. ఊరేగింపులో బడిపిల్లలు ఆ నినాదం అరుస్తుంటే అర్థం ఏమిటని ఒక ముసలాయన అడిగాడు. అర్థం వెనకాల వచ్చే లారీలో ఉందని ఏసోబు చెప్పాడు.

లారీ నిజంగానే వచ్చింది. అందులోంచి రెండే అట్టపెట్టెలు దిగాయి. ఏసోబు ఒకటి విప్పి, లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. ఆకుపచ్చవి రెండు వందల యాభై ఆరు, నీలంవి రెండు వందల యాభై ఆరు, మూతలతో సహా ముద్దులొలికే చెత్తబుట్టలు. ఒక్కొక్కటి సరిగ్గా రెండున్నర అంగుళాలు.

“ఏందయ్యా ఇది, చీమలకా?” అన్నాడు సరుకు తెచ్చినతనితో.

“స్పెసిఫికేషన్లో ఏముందో అదే సార్. కావాలంటే స్కేలు పెట్టి కొలుచుకోండి,” అన్నాడతను.

స్కేలు పెట్టి కొలిచారు. అయిదు వందల పన్నెండూ కొలిచారు. అంతా సక్రమంగా ఉందని పట్టాభిరామారావు ధ్రువీకరించాడు. ఇన్‌స్టాల్ చేయాలని ఉత్తర్వులో ఉంది కనుక వాటిని వీధి మలుపుల్లో స్తంభాలకు బోల్టులతో బిగించారు. బోల్టు బుట్టకన్నా పెద్దది. ఒక్కో బుట్టలో నాలుగు వేరుశనగ తొక్కలు పడతాయి, అయిదోది వెయ్యాలంటే కొంచెం నొక్కాలి. జనం నవ్వుకుని మామూలుగానే కాలవలో వేసుకుంటుంటే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ‘ప్రజలు తమ చెత్త పరిమాణమును బిన్‌ల పరిమాణమునకు అనుగుణముగా కుదించుకొనవలెను. కుదించుకొను విధానముపై వార్డుల వారీగా శిక్షణ ఇవ్వవలెను.’ శిక్షణలో అరటితొక్కను ఎనిమిది మడతలు పెట్టడం నేర్పారు. మే నెల వచ్చేసరికి టీ కొట్లవాళ్ళు సగం బుట్టలు విప్పుకుపోయి పంచదారకు వాడుకోవడం మొదలుపెట్టారు. దాంతో బుట్టలకు కాపలాగా వార్డుకొక మనిషిని వేశారు. ఆ మనుషులంతా మామూలుగా చెత్త ఎత్తేవాళ్ళే కాబట్టి, ఊళ్ళో చెత్త ఎత్తడం ఆగిపోయింది.

ఈ సంబడమంతా ఒక ఎత్తు, సుభాషిణి బాధ ఒక ఎత్తు. రోజువారీ నివేదికలో నలభై రెండు గడులు. ఎన్ని గ్రాముల చెత్త, ఎన్ని ముగ్గులు, ఎన్ని ప్రతిజ్ఞలు, ప్రతిజ్ఞలో ఎంతమంది కుడిచెయ్యి చాచారు. అన్నీ ఆ ముసలి లాప్‌టాప్‌లోంచే వెళ్ళాలి. దాన్ని వేగంగా నడిపించడానికి ఆమె అడిగినదేదో ఇప్పుడు దాని నెత్తిన ఎక్కి కూర్చుంది. ముప్పై ఏడో గడి ‘ఇన్‌స్టాల్ అయిన సాలిడ్ స్టేట్ డ్రైవ్‌ల సంఖ్య’. అందులో ఆమె ప్రతిరోజూ సున్నా వేసేది. నలభై రెండో గడి ‘డ్రైవ్ నిలిచిపోయినచో, నిలిపిన అధికారి పేరు, హోదా’. అది ఖాళీగా వదిలేది.

మార్తమ్మ మాత్రం ప్రతి సోమవారం పని ఎగ్గొట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చునేది. జూన్‌లో సలోమి ఇంటర్ పాసయింది. కంప్యూటర్ తీసుకోని దరఖాస్తును కాలేజీవాళ్ళు కాగితం మీద తీసుకున్నారు. జూలైలో సీటు కూడా వచ్చింది, పుట్టినతేదీ పత్రం పరిశీలనలో చూపించాలన్న షరతు మీద. ఆగస్టు వచ్చాక మార్తమ్మ అడగడం కూడా మానేసి ఊరికే చూసేది. ఆ చూపు పడినప్పుడల్లా సుభాషిణి సవరణల పేజీ ఇంకోసారి నొక్కేది.

ఆగస్టు ఇరవై అయిదు సాయంత్రం పట్టాభిరామారావు నోటీసు అంటించాడు. రేపు డ్రైవ్‌ను తనిఖీ చేయడానికి రాష్ట్ర పరిశీలకులు వస్తున్నారు. ‘ప్రజాసేవలను పరిశీలించు నిమిత్తం రేపు ప్రజాసేవలు నిలిపివేయడమైనది. టీషర్టు ధరించినవారికి మాత్రమే ప్రవేశం.’

అది చదవగానే సుభాషిణికి కడుపు మండింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె అనుమతి లేకుండా స్టేప్లర్ కూడా పక్క సెక్షన్‌కు ఇవ్వలేదు. ప్రభుత్వ లాప్‌టాప్ విప్పితే సస్పెన్షన్ తప్పదని తెలుసు. తెలిసే ఏసోబు దగ్గరకు వెళ్ళి మూడు టీషర్టులు అడిగింది.

“మూడేంది, ముప్పై తీసుకోండి మేడమ్ గారూ. ఎవురికని మాత్రం నాకు చెప్పబాకండి,” అన్నాడు ఏసోబు.

మర్నాడు పదింటికి ఆకుపచ్చ టీషర్టుల్లో ముగ్గురు ఉద్యమకారులు గేటు దాటి లోపలికి వచ్చారు. ఒకరు బాజీ, చిన్న స్క్రూడ్రైవర్లు జేబులో పెట్టుకుని. తక్కిన ఇద్దరు సలోమి, చీర మీద టీషర్టు తొడుక్కున్న మార్తమ్మ. బాజీ తన షాపులో పాడైన ఒక లాప్‌టాప్ నుంచి తీసిన సాలిడ్ స్టేట్ డ్రైవ్ తెచ్చాడు. అరచేతిలో పట్టే నల్లటి రేకు పెట్టె. ఇంత చిన్నదాని కోసం ఊరంతా ఆర్నెల్లు ఊరేగిందా అని సలోమి దాన్ని తిప్పి తిప్పి చూసింది.

బాజీ దాన్ని ఒక కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి, పాత డిస్కులో ఉన్నదంతా అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. పాత డిస్కు మూలుగుతూ ఒక్కొక్కటే అప్పగించింది. అది పూర్తయ్యేసరికి రెండు దాటింది. అప్పుడు అడుగున మరలు విప్పి, పాతది తీసి, కొత్తది ఆ గాడిలోకి తోసి, మీట నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది. సుభాషిణి ఇంకోసారి నొక్కమంది.

“కంగారు పడబాకండి మేడమ్. పాత సిస్టమ్ గదా, కొత్త డిస్కుని చూసి బెదిరింది. ఒక సెట్టింగు మార్చాల,” అని అతను ఏదో మార్చి మళ్ళీ నొక్కాడు.

ఈసారి సుభాషిణి అలవాటు ప్రకారం నీళ్ళ సీసా తీసుకుని లేచింది. రెండడుగులు వేసేలోగా ‘స్వాగతం’ అని తెర వెలిగింది. ఆమె సీసా పట్టుకుని అలాగే నిలబడింది. ఇంతకాలం ఆ మూడు అక్షరాల కోసమా తాను రోజుకో గంట ఎదురుచూసింది అనిపించి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

జననమిత్ర తెరుచుకుంది. సవరణల పేజీ పన్నెండు సెకన్లలో వచ్చి నిలబడింది. ఆమె 2080 చెరిపి 2008 కొట్టింది. ఇక కమిషనర్ గారి డిజిటల్ సంతకం. నిబంధనల ప్రకారం దాని తాళం కమిషనర్ గారి దగ్గర ఉండాలి, వాడుక ప్రకారం సుభాషిణి సొరుగులో ఉంటుంది. వేలెడంత ఉన్న ఆ తాళాన్ని లాప్‌టాప్ పక్కన గుచ్చింది. ‘సంతకం జరుగుచున్నది, యంత్రమును ఆపరాదు’ అని ఒక పచ్చగీత మెల్లగా పాకడం మొదలైంది. ఆ సంతకానికి ఆమోదం జిల్లా కేంద్రంలోని యంత్రం నుంచి రావాలి. దానికి మాత్రం ఎవరూ సాలిడ్ స్టేట్ డ్రైవ్ వేయలేదు.

గీత సగానికి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. ముందు పట్టాభిరామారావు, వెనక రాష్ట్ర పరిశీలకులుగా వచ్చిన పెద్దాయన, ఆ వెనక చెమటలు తుడుచుకుంటూ ఏసోబు.

“ఈ మహోద్యమం పురుడు పోసుకున్న గది ఇదే సార్,” అంటూ లోపలికి వచ్చిన మేనేజరు బల్ల మీద విప్పిన మరలూ, పాత డిస్కూ చూసి ఆగిపోయాడు. ముఖం మాడిపోయింది. “ఏందమ్మా ఇది? ప్రభుత్వ ఆస్తిని విప్పారా? ఎవరి అనుమతితో? ముందు దాన్ని ఆపండి.” ఆయన చెయ్యి లాప్‌టాప్ మూత మీదికి వచ్చింది.

సుభాషిణి లేచి నిలబడింది. ఆ క్షణాన తన మామూలు మాట ఆ గదిలో ఎవరికీ అర్థం కాదని ఆమెకు స్పష్టంగా తెలిసింది. వాళ్ళ భాష ఆమె పద్దెనిమిదేళ్ళుగా టైపు చేస్తూనే ఉంది.

“పరిశీలకుల వారి దృష్టికి తేవడమైనది సార్,” అంది. “రాష్ట్ర ఉత్తర్వు మేరకు సాలిడ్ స్టేట్ డ్రైవ్ ఈ రోజే ఇన్‌స్టాల్ అయినది. ప్రస్తుతం నడుచుచున్నది. నడుస్తున్న డ్రైవ్‌ను మధ్యలో నిలిపితే, నిలిపిన అధికారి పేరు, హోదా నలభై రెండో గడిలో నేను ఈ సాయంత్రం అయిదు లోపల రాయాలి. ఎవరి పేరు రాయమంటారు సార్?”

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

పట్టాభిరామారావు చెయ్యి మూత మీద నుంచి లేచి, గాలిలో కాస్త తచ్చాడి, జేబులోకి వెళ్ళింది. ఆయన పరిశీలకుల వైపు చూశాడు. పరిశీలకులు ఏసోబు వైపు చూశారు. ఏసోబుకు తన వెనక గోడ తప్ప ఎవరూ కనిపించలేదు. 

“డ్రైవ్ నడుస్తున్నట్టు ఆధారం?” అన్నారు పరిశీలకులు, కొంచెం తగ్గి.

“గీత చూడండి సార్. కదులుతోంది.”

అందరూ వంగి గీత చూశారు. అది ముప్పావు దాటింది. ఆరు నెలల డ్రైవ్‌లో కదిలేది ఏదైనా చూడటం పరిశీలకులకు అదే మొదలు. ఆయన కదిలిపోయారు. కలం తీసి తనిఖీ పుస్తకంలో రాశారు. ‘డ్రైవ్ ఈ విభాగమునందు సజావుగా నడుచుచున్నది. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు దీనిని ఎవ్వరూ ఆపరాదు, కదిలించరాదు, తొలగించరాదు.’ తదుపరి ఉత్తర్వులు ఆ ఆఫీసుకి ఎన్నడూ రాలేదు గనుక, బాజీ బిగించిన నాలుగు మరలకు ఇక భయం లేదు. ఏసోబు చాటుగా గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

వాళ్ళు తర్వాతి గదికి కదిలేసరికి ప్రింటరు కిర్రుమంది. కాగితం వచ్చింది. సుభాషిణి దాన్ని రెండు చేతులతో తీసి సలోమికి ఇచ్చింది. రేపు పొద్దున ఏడింటి బస్సు ఎక్కితే సరిపోతుంది.

“ఏం రాశారే?” అంది చదువురాని మార్తమ్మ.

“రెండువేల ఎనిమిది, అమ్మా.”

మార్తమ్మ టీషర్టు అంచుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకోవడం ఎంతకీ పూర్తికాలేదు. 

“నేను కన్నప్పుడు ఒక్క రేతిరి నొప్పులు పడ్డా. వీళ్ళు కనేసరికి ఆర్నెల్లు పట్టింది,” అంది. సుభాషిణి నవ్వబోయింది. ఇంతలో మార్తమ్మకు ఏదో గుర్తొచ్చి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఆడపిల్ల అనే రాశారా? అది కూడా చూడవే.”

సలోమి కంటే ముందు సుభాషిణి వంగి చూసింది.